హైదరాబాద్ నుంచి ముల్కికి బండి మీద: సర్ఫింగ్ రోజుని రెస్టు రోజు అనుకోకు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉప్పల్ నుంచి హంటర్ 350 మీద నువ్వు, పల్సర్ 150 మీద నీ ఫ్రెండు. ఆరు రోజుల సెలవు. మొదటిరోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి రాత్రికల్లా కర్ణాటక తీరంలో ముల్కి చేరిపోవాలి, తర్వాత రెండు రోజులు "రెస్టు తీసుకుంటూ" బోర్డు మీద అలలెక్కే సర్ఫింగ్ నేర్చుకోవాలి, మళ్ళీ వెనక్కి. ఈత అంతంతమాత్రం, కళ్ళద్దాలున్నాయి. ఇది అయ్యే పనేనా, 150 సీసీ బండి తట్టుకుంటుందా అని అడిగావు.

బండి తట్టుకుంటుంది. 800 కిలోమీటర్లు పల్సర్‌కి ఒక లెక్క కాదు, గంటకి 75–80 దాటకుండా నడిపితే పాపం అది నోరెత్తదు. తట్టుకోనిది నువ్వు.

మాది హన్మకొండ. ముల్కికి మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ బండి మీదే. మొదటిసారి 2017లో అచ్చం నీలాంటి ప్లానే వేశాను, కాకపోతే ఒక రోజు బదులు రెండు రోజుల్లో. రెండో రోజు చీకటి పడ్డాక చేరి, అన్నం తిని పడుకుని, పొద్దున ఆరున్నరకి సముద్రంలో దిగాను. బోర్డు మీద బోర్లా పడుకుని, ఛాతీ ఎత్తి, మెడ నిక్కించి, రెండు చేతులతో నీళ్ళు వెనక్కి తోసుకుంటూ పోవాలి. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత కుడి చెయ్యి నీళ్ళలోంచి పైకి లేవడం మానేసింది. నేర్పే కుర్రాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, నా బోర్డు పట్టుకుని ఆపి, భుజం మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. నేను కెవ్వుమన్నాను. "బైక్ మీద వచ్చారా?" అని హిందీలో అడిగాడు. వాడికి అలవాటే అన్నమాట. ఆ రోజు గంటన్నర క్లాసులో ముప్పావు గంట ఇసకలో కూర్చుని వేరేవాళ్ళు పడటం చూశాను.

ఎందుకంటే రోజంతా హ్యాండిల్ పట్టుకుని కూర్చుంటే ముందు బిగుసుకునేవి మెడ కింద భుజాల మధ్య కండలు, మణికట్లు, నడుము. బోర్డు మీద పని చెయ్యాల్సినవీ అవే. పైగా ఇక్కడ నడుము వెనక్కి విల్లులా వంచి ఉంచాలి, బండి మీద అదే నడుము ఎనిమిది గంటలు ముందుకి కూలబడి ఉంటుంది. కాబట్టి సర్ఫింగ్ చేసే రోజుని రెస్టు రోజు కింద లెక్కేస్తే, నీ ప్రయాణంలో అసలు రెస్టన్నదే లేదు. నీ ప్లానులో నాకు నచ్చనిది అదొక్కటే, కానీ మిగతాదంతా దాని మీదే కట్టావు.

నేనైతే ఎనిమిది రోజులు పెట్టుకుంటాను. వెళ్ళడానికి రెండున్నర, రావడానికి మూడు, మధ్యలో రెండు పొద్దులు సముద్రం. నిజంగా ఆరు రోజులే దొరికితే ముల్కి వదిలెయ్, వైజాగ్ వెళ్ళు. అక్కడా నేర్పేవాళ్ళున్నారు, దూరం తక్కువ, భాష మనదే. ముల్కి ఎక్కడికీ పోదు. (పేరు చూసి ముల్కీ నిబంధనలు, 1969 గుర్తొచ్చాయని మా బాబాయ్ ఒకాయన గంట క్లాసు పీకాడు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది మంగళూరుకి ఉత్తరాన 30 కిలోమీటర్ల దూరంలో, శాంభవి నది సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరు. 2004లోనే అక్కడ సర్ఫ్ క్లబ్ మొదలైంది. పక్కనే శశిహిత్లు బీచ్‌లో 2016లో ఇండియన్ ఓపెన్ సర్ఫింగ్ పోటీలు పెట్టారు.)

దారి చెప్తాను. ఔటర్ రింగు రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ దాటాలి. ఇది అయిదు లోపు అయిపోవాలి, లేకపోతే అక్కడే ఓపిక సగం పోతుంది. 44వ నంబరు హైవే మీద జడ్చర్ల దాకా వెళ్ళి కుడికి తిరిగితే మహబూబ్‌నగర్, మక్తల్. మక్తల్ దాటాక కృష్ణ వంతెన, అవతల శక్తినగర్ థర్మల్ పొగగొట్టాలు. రాయచూరులో టిఫిన్ చేస్తే సరిపోతుంది. అక్కణ్నుంచి మాన్వి, సింధనూరు, గంగావతి, హొస్పేట. మొత్తం దాదాపు 380 కిలోమీటర్లు. మొదటిరోజుకి ఇంతే. మధ్యాహ్నం మూడింటికల్లా దిగిపోతావు, "ఇంకా ఎండ ఉంది కదా, ఇంకో వంద కొడదాం" అనిపిస్తుంది. ఆ వంద కొట్టొద్దు.

సింధనూరు, గంగావతి మధ్య ఊళ్ళ పేర్ల చివర "క్యాంప్" అని కనిపిస్తుంది. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయి ఎడమ కాలువకి నీళ్ళొచ్చాక మన కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ ఊళ్ళవి. కన్నడ బోర్డున్న టీ బండి ముందు ఆగి హెల్మెట్ తీస్తే, "ఏ ఊరండీ మనది, ఇంత లగేజీతో ఎక్కడికండీ" అని గోదారి యాస వినపడుతుంది. అక్కడ కాసేపు ఆగు. నన్ను ఒక పెద్దాయన టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు. వాళ్ళ నాన్న పెనుగొండ నుంచి ఎడ్లబండి మీద సామాను రైలు స్టేషన్‌కి తెచ్చి, రైల్లో ఇక్కడికి చేరిన కథ మొత్తం చెప్పాడు. నాకు అరగంట ఆలస్యమైంది, కానీ ఆ అరగంటలో నడుముకి దొరికిన విశ్రాంతి ఇంకెక్కడా దొరకలేదు.

అదే దారిలో ఒక జాగ్రత్త. నవంబరు, డిసెంబరు అంటే వరి కోతలు. రోడ్డు అంచు మీద ధాన్యం ఆరబోస్తారు, రాళ్ళు అడ్డం పెడతారు, సాయంత్రానికి ఆ రాళ్ళు అక్కడే వదిలేస్తారు. వెనక లైట్లు లేని హార్వెస్టర్లు, గడ్డి ట్రాక్టర్లు సగం రోడ్డు తినేస్తాయి. ఆరు దాటాక ఆ రోడ్డు మీద ఉండకు. ఒక్క రోజులో 800 కొడతానన్నావే, అందులో చివరి 300 చీకట్లోనే పడుతుంది. అందులోనూ ఆగుంబె ఘాట్ రోడ్డు ఒకటి.

రెండో రోజు హొస్పేట నుంచి హరపనహళ్ళి, హరిహర్, హొన్నాళి, శివమొగ్గ, అక్కణ్నుంచి తీర్థహళ్ళి. 260 చిల్లర. చిత్రదుర్గ వైపు పెద్ద హైవే ఉంది, చాలామంది అదే చెప్తారు. నాకీ దారే ఇష్టం, కారణం కాస్త పిచ్చిది. పొద్దున హొస్పేటలో తుంగభద్ర, హరిహర్‌లో మళ్ళీ తుంగభద్ర, శివమొగ్గ దగ్గర కూడ్లి అనే ఊళ్ళో తుంగ, భద్ర విడివిడిగా వచ్చి కలుస్తాయి, రాత్రికి తీర్థహళ్ళిలో ఉత్త తుంగ. మన కర్నూలు పక్కనుంచి పోయే నీళ్ళకి రెండు రోజులు ఎదురెక్కి వచ్చినట్టుంటుంది. మర్నాడు ఆగుంబె దాటితే ఇక నీళ్ళన్నీ అటువైపు, అరేబియా సముద్రంలోకే. అక్కడ బండి ఆపి మూత్రం పోసుకుంటే ఏ సముద్రంలోకి పోతుందని మా ఫ్రెండుతో పందెం కూడా వేశాను, వదిలెయ్.

ఆగుంబె ఘాటులో పద్నాలుగు మలుపులు. అన్నీ కురచ, అన్నీ ఏటవాలు. దక్షిణాదిలో బాగా వానలు పడే చోట్లలో అదొకటి, అందుకని నవంబర్లో కూడా మలుపు లోపలి అంచున పాచి ఉంటుంది. న్యూట్రల్‌లో దిగొద్దు, పెట్రోలు మిగిలేది లేదు పోయేది ప్రాణం. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి, బ్రేకు మలుపుకి ముందే, మలుపులో కాదు. పల్సర్ మీద ఉన్న ఫ్రెండుని ముందు పెట్టు, వాడి వేగమే నీ వేగం. హంటర్ వెనకాల షాక్‌లు గట్టి, గుంతలో పడితే నడుముకి నేరుగా తగుల్తుంది. కొంచెం లేచి తొడల మీద నిలబడు. కింద సోమేశ్వర దగ్గరికి వచ్చేసరికి గాలి మారిపోతుంది, జాకెట్‌లో చెమట మొదలవుతుంది. అక్కణ్నుంచి హెబ్రి, ఉడుపి, 66వ నంబరు హైవే పట్టుకుని ముల్కి. తీర్థహళ్ళి నుంచి మొత్తం 120 కిలోమీటర్లు. పదకొండు, పన్నెండుకి చేరతావు.

చేరి ఏం చేస్తావు? నిద్రపో. ఇదే నా సలహా మొత్తం. సముద్రం కనిపిస్తుంది, అలలు కనిపిస్తాయి, కుర్రాళ్ళు బోర్డులు చంకలో పెట్టుకుని పోతుంటారు, నీకు కాలు నిలవదు. అయినా ఆ రోజు దిగకు. ఎలాగూ మధ్యాహ్నం తర్వాత సముద్రం మీంచి గాలి లేచి అలల్ని చిందరవందర చేస్తుంది. పొద్దున్నే నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, అల నిటారుగా, నున్నగా లేస్తుంది. నేర్చుకునేవాళ్ళని ఆరింటికి, ఆరున్నరకి రమ్మనేది అందుకే. సాయంత్రం ఒక తువ్వాలు చుట్ట భుజాల మధ్య పెట్టుకుని నేల మీద వెల్లకిలా పది నిమిషాలు పడుకో, చేతులు పక్కలకి చాపి. రెండోసారి వెళ్ళినప్పుడు ఇదే చేశాను, పొద్దున తేడా నాకే తెలిసింది.

క్లాసు ఇలా ఉంటుంది. ముందు ఇసక మీద వేలితో బోర్డు బొమ్మ గీస్తారు. దానిమీద పడుకుని, అరచేతులు డొక్కల పక్కన పెట్టి, ఒక్క ఊపులో రెండు పాదాల మీద లేవాలి. మోకాళ్ళ మీద లేచి ఆ తర్వాత నిలబడటం కాదు. ఇసకలో ఇరవైసార్లు చేయిస్తారు, ఆయాసమొస్తుంది. తర్వాత ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు ఇచ్చి, కాలికి తాడు కట్టి, నడుము లోతు నీళ్ళలోకి తీసుకెళ్తారు. విరిగిన అల తెల్లటి నురగలా వస్తుంది చూడు, మొదటి రెండు రోజులూ అదే నీకు. వెనక హోరు దగ్గరపడుతుంది, కుర్రాడు బోర్డు తోస్తాడు, "ప్యాడిల్, ప్యాడిల్, అప్!" అని అరుస్తాడు. బోర్డు తోక కింద ఎవరో ఎత్తినట్టు అనిపిస్తుంది. ఆ క్షణంలో అందరూ చేసే తప్పు కిందికి చూడటం. ఎటు చూస్తే అటే పడతావు. ఘాటు మలుపులో ఎటు చూస్తే బండి అటే పోతుంది కదా, అదే సూత్రం. ఇంతకాలం బండి నడిపినందుకు అక్కడ పనికొచ్చింది నాకు ఇదొక్కటే. మూడోసారి వెళ్ళినప్పుడు తల ఎత్తి ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు మీద చూపు పెట్టాను, నాలుగైదు సెకన్లు నిలబడ్డాను. ఆ నాలుగైదు సెకన్ల గురించి ఇంట్లో ఇప్పటికీ చెప్తూనే ఉన్నాను, వాళ్ళు వినడం మానేశారు.

ఈత గురించి. నడుము లోతులో, పక్కన నేర్పేవాడు ఉంటే ఈత బాగా రాకపోయినా నేర్పుతారు, కానీ నీకు ఎంత వచ్చో ముందే నిజం చెప్పు. క్లాసు అయ్యాక "ఇంకొక్కసారి" అని ఒంటరిగా దిగొద్దు. అక్కడ శాంభవి, నందిని సముద్రంలో కలుస్తాయి, ఆటు సమయంలో నదిమూతి దగ్గర నీళ్ళు సముద్రం లోపలికి గట్టిగా లాగుతాయి. ఒకవేళ లాగితే ఒడ్డుకి ఎదురీదకు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరుగు. బోర్డు మాత్రం వదలకు, అది తేలుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం, కొత్తవాళ్ళకి అది సముద్రం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చిన్న అలలు, నీకు అవే కావాలి.

బండి నడిపేవాళ్ళకి సర్ఫింగ్‌లో వచ్చే కొన్ని తంటాలు వేరు, అవి సర్ఫింగ్ వాళ్ళు చెప్పరు, బైకర్లూ చెప్పరు. ఒకటి చెవులు. గాలి హోరుకి చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకుంటాం కదా. సముద్రంలోంచి వచ్చిన మర్నాడు చెవిలో తడి ఉండగానే ప్లగ్గులు పెట్టుకుని దాదాపు 180 కిలోమీటర్లు వచ్చాను. శివమొగ్గ చేరేసరికి దవడ కదిపితే ప్రాణం పోయింది, డాక్టరు చూసి చెవి లోపల వాచిందన్నాడు. చెవులు పూర్తిగా ఆరాకే ప్లగ్గులు. రెండోది మోకాళ్ళు. బోర్డు మీద ఉప్పునీళ్ళు, ఇసక, మోకాలి లోపలివైపు చర్మం గీరుకుపోతుంది. సరిగ్గా అక్కడే బండి మీద పెట్రోలు ట్యాంకుని ఒత్తిపట్టుకుంటాం. పొడుగు చేతుల రాష్‌గార్డు (చర్మం గీరుకోకుండా వేసుకునే బిగుతు చొక్కా), మోకాలి దాకా బిగుతు షార్ట్ వేసుకో. మూడోది ముక్కు. క్లాసు అయిన రెండు మూడు గంటలకి కూడా బూటు లేసు కట్టుకోడానికి వంగితే ముక్కులోంచి ఉప్పునీళ్ళు చెంచాడు కారతాయి. భయపడకు, మామూలే. హెల్మెట్ పెట్టుకున్నాక కారితే మాత్రం అసహ్యంగా ఉంటుంది.

బండికి ఉప్పే శత్రువు. బీచ్ దాకా తీసుకెళ్ళకు, బస దగ్గరే పెట్టి నడిచిపో. ఇసకలో సైడు స్టాండు దిగిపోతుంది, అలవాటుగా దిగేసి వెనక్కి తిరిగేసరికి బండి పక్కకి పడుకుని ఉంటుంది. పలకరాయో, నలగ్గొట్టిన డబ్బా మూతో స్టాండు కింద పెట్టాలి. ప్లాస్టిక్ కవరు కప్పకు, లోపల తేమ నిలిచి ఇంకా తుప్పు. రాత్రి సముద్రం పక్కన ఉన్న బండికి పొద్దున డిస్కు మీద నారింజ రంగు పొర కనిపిస్తుంది. మొదటి నాలుగు బ్రేకులు గరగరమంటూ సరిగ్గా పట్టవు, గేటు దాటేలోపే మెల్లగా నొక్కి తుడిచెయ్. బయల్దేరే ముందురోజు సాయంత్రం రెండు బకెట్ల మంచినీళ్ళతో గొలుసు, రిమ్ములు, ఇంజను కింద భాగం కడిగి, ఆరాక గొలుసుకి 90 నంబరు గేరాయిల్ పట్టించు. ప్రెజర్ వాటర్ సర్వీసింగ్ వద్దు, ఉప్పుని బేరింగుల్లోకి తోస్తుంది. పంక్చర్ సంగతి: నీది హంటర్ మెట్రో అయితే ట్యూబ్‌లెస్, ప్లగ్గుల కిట్టు చాలు. రెట్రో అయితే స్పోకు చక్రాలు, ట్యూబు తీసుకెళ్ళాల్సిందే.

తిండి గురించి ఎక్కువ చెప్పను, అక్కడ ఎవడూ ఆకలితో ఉండడు. నీర్ దోసె, చేపల పులుసు, కోరి రొట్టి తిను. కోరి రొట్టి అంటే అప్పడంలా కరకరలాడే బియ్యపు రొట్టె మీద కోడికూర పులుసు పోస్తారు, మెత్తబడే లోపు తినాలి. అన్నం మాత్రం ఎర్రగా, లావుగా ఉండే ఉప్పుడు బియ్యం, అన్నిట్లో కొబ్బరి. మూడో రోజుకి నాలుక గోల పెడుతుంది. ఊరగాయ తీసుకెళ్తే సీసాలో తీసుకెళ్ళకు. మా గోంగూర సీసా మూత ఆగుంబెలో వదులై, నూనె మొత్తం నా రాష్‌గార్డు తాగింది. మర్నాడు సముద్రంలో నా చుట్టూ సన్నగా నూనె తెట్టు.

తిరుగు ప్రయాణం మీద నీకు ఆలోచనే లేనట్టుంది. రెండో పొద్దు క్లాసు అయ్యాక అదే రోజు బయల్దేరకు. నేనోసారి బయల్దేరి ఉడుపి సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కలేక రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ సాయంత్రం బండి కడుక్కో, మర్నాడు తీర్థహళ్ళి లేదా శివమొగ్గ దాకా వచ్చి ఆగు, తర్వాత హొస్పేట, తర్వాత ఇల్లు. ఆగుంబె ఎక్కేటప్పుడు దిగినంత కష్టం ఉండదు. మరీ భుజాలు పనికిరాకపోతే మంగళూరులో రైల్వే పార్సిల్ ఆఫీసు ఉంది. ట్యాంకులో పెట్రోలు తీసేసి, ఆర్‌సీ కాపీ, ఐడీ ఇచ్చి బండి బుక్ చేసి నువ్వు రైలెక్కొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

చివరిగా కళ్ళద్దాలు. నీళ్ళలో పెట్టుకోవద్దు, తాడు కట్టినా సరే. మొదటి క్లాసులో నేను తాడు కట్టే దిగాను. రెండో అలకి తాడు మెడలోనే ఉంది, అద్దాలు లేవు. అవి లేకుండా బండి ఎక్కలేను కదా, ఫ్రెండు వెనక కూర్చుని మంగళూరు వెళ్ళి కొత్తవి చేయించుకునేసరికి ఒక పూట పోయింది. బ్యాగులో ఇంకో జత పెట్టుకో. తేదీలు ఖాయం చేసుకున్నాక ఇక్కడే రాయి, పల్సర్ గొలుసు మార్చి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా రాయి, అది చూసి చెప్తాను.